రెండు తొట్ల ఉతుకు యంత్రము

బట్టలుతుకు పనిలో ఎక్కువ శ్రమ దేనిలో ఉన్నది? ఉతుకుటలోనా, పిండుటలోనా? తడిసిన దుప్పటిని చెరొక కొస పట్టుకొని మెలిపెట్టిన వారెవరైనను దీనికి సమాధానము చెప్పగలరు. ఉతుకు యంత్రముల చరిత్రలో ఒక ముఖ్యఘట్టము ఈ పిండుటకు సంబంధించినదే.

1948లో హూవర్ సంస్థ దక్షిణ వేల్సులోని మెర్తిర్ టిడ్‌విల్‌లో ఒక కర్మాగారమును తెరచినది. అచటి తొలి యంత్రములలో ఉతుకుటకు విద్యుత్తు తోడ్పడినను, పిండుటకు మాత్రము చేతితో త్రిప్పు రోలర్లే ఆధారము. చెరకు గానుగవలె అవి బట్టను నొక్కి నీటిని పిండెడివి. బొత్తాములు పగులుటయు కద్దు.

1957లో అదే సంస్థ హూవర్‌మాటిక్ అను రెండు తొట్ల యంత్రమును విపణిలోకి తెచ్చినది. ఒక తొట్టిలో ఉతుకుట. రెండవదానిలో గిరగిర త్రిప్పి నీటిని తొలగించుట. తిరుగుచున్న బట్టను తొట్టిగోడ లోపలికి నెట్టుచు వలయమార్గమున నిలుపును. రంధ్రము నెదుటనున్న నీటికి అట్టి ఆనకట్ట లేదు. కనుక అది వెలుపలికి చిమ్మును. తొట్టి వ్యాసార్ధము 12 సెంటీమీటర్లు, వేగము నిమిషమునకు 1,400 చుట్లు అనుకొందము. గోడవద్ద త్వరణము గురుత్వ త్వరణమునకు సుమారు 260 రెట్లగును!

జాన్ బ్లూమ్ అను వ్యాపారి ఇట్టి యంత్రములను దుకాణములతో ప్రమేయము లేకుండ నేరుగా ఇండ్లకు చౌకగా అమ్మెను. ఆయన నడపిన రోల్స్ రేజర్ సంస్థ 1964లో దివాలా తీసినది. క్రమముగా పూర్తి ఆటోమేటిక్ యంత్రములు వీటి స్థానము నాక్రమించినవి. మెర్తిర్‌లో యంత్రముల తయారీ 2009లో నిలిచిపోయినది.

అయినను పాతవస్తువులపై మక్కువగలవారు వీటిని నేటికిని వెదకి కొనుచున్నారు. అట్టివారు చూడవలసినది పైరంగును కాదు. మూత ఎత్తినంతనే తిరుగు తొట్టికి బ్రేకు పడుచున్నదా? తీగలపై రబ్బరు పెళుసెక్కినదా? ఇంకొక చిక్కు తీగల రంగులలో కలదు. బ్రిటనులో పూర్వము పరికరముల తీగలలో ఎరుపు విద్యుత్తు వచ్చు తీగ, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ భూమి తీగ. 1970 ప్రాంతమున ఇవి వరుసగా గోధుమరంగు, నీలము, ఆకుపచ్చ–పసుపు చారలుగా మారినవి. ఈ సంగతి తెలియక ప్లగ్గులో తీగలను తారుమారు చేసినచో యంత్రపు లోహపు ఒడలికే విద్యుత్తు ప్రాకవచ్చును. తడిచేతులతో దానిని తాకుట ప్రాణాంతకము.

మన ఇండ్లలో సెమీ ఆటోమేటిక్ అని పిలుచుకొను యంత్రమును ఒకసారి తెరచి చూడుడు. ఆ రెండు తొట్లలో ఉతుకుటకును పిండుటకును జరిగిన పాత పంపకమే కనబడును.