బడాయి పోబాక

ప్రమోషన్ వచ్చి నా హోదా ముందు ఇంకో రెండు మాటలు చేరినప్పుడు, ముత్తుకూరులో ఉండే మా జేజికి ఫోన్ చేసి చెప్పా. "సరేగానీ అబ్బయా, బడాయి పోబాక" అంది. అప్పట్నుంచీ ఆ మాట వెంటపడింది.

బడాయి హిందీ నుంచి వచ్చింది. అక్కడ దానికి పెద్దతనం, పొగడ్త అన్న అర్థాలు ఇంకా బతికే ఉన్నాయి. ఒకరి బడాయి చేయడమంటే వాళ్లని మెచ్చుకోవడం. గొప్పలు కొట్టుకోవడం ఆ అర్థాల్లో ఒకటి మాత్రమే. మనం ఆ ఒక్కదాన్నే ఉంచుకున్నాం. సంస్కృత దంభం మన దగ్గర డంబం అయింది గానీ, దంభంలో మోసం ఉంది, లేని భక్తి చూపించడం ఉంది. బడాయిలో అంత విషం లేదు. దర్పం వెనక నిజంగానే అధికారమో డబ్బో ఉండొచ్చు. బడాయి వెనక సరుకుండదు, అంతే.

మరి రాజుల బిరుదుల సంగతేంటి? మా పక్కనే ఉన్న కృష్ణపట్నం రేవుకి 13వ శతాబ్దపు తమిళ శాసనాల్లో పేరు కొల్లితురై, మరో పేరు గండగోపాలపట్టణం. గండడంటే శూరుడు, మగాడు. గండగోపాల అనేది నెల్లూరు ఏలిన తెలుగు చోడుల బిరుదు. ఇప్పటి పేరు కృష్ణదేవరాయలదని చెప్పుకుంటారు. ఆ విజయనగర రాజులకీ 'మూరురాయరగండ' అని ఒకటుంది, ముగ్గురు రాజులకి మొగుడని. రాజు మారినా బిరుదు మారదు, సింహాసనంతో పాటే చేతికొస్తుంది. (మా ఆఫీసు హోదాలూ ఇంతే.)

ఇదంతా బడాయేనని తేల్చేద్దామనుకున్నా. మనుమసిద్ధి దగ్గర ఆగిపోయా. గండగోపాల బిరుదున్న తిక్కభూపాలుడి కొడుకాయన. దాయాదులు అక్కన, బయ్యన రాజ్యం లాక్కుంటే, కవి తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చాడని సిద్ధేశ్వర చరిత్ర చెప్తుంది. సింహాసనం పోయిన ఆ రోజుల్లో తండ్రి నాటి బిరుదు ఏమైనట్టు? మా జేజి లెక్కలో అచ్చమైన బడాయి.

రేవులో దిగిన వర్తకుడి లెక్క వేరేమో. అదే గణపతిదేవుడు ఇదే తీరాన ఉత్తరంగా ఉన్న మోటుపల్లిలో 1244లో అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని మునుపటి రాజుల్లా లాక్కోమనీ, సుంకం మాత్రమే తీసుకుంటామనీ. పరదేశి వర్తకుడికి రాజు శూరుడో కాదో అనవసరం. సరుకు పోతే ఎవరి గడప తొక్కాలో తెలియాలి. గండగోపాలపట్టణం అన్న పేరు అతనికి ఆ గడపని చూపించి ఉంటుంది.

నా ఈమెయిళ్ల కింద ఆ రెండు మాటలూ ఇంకా ఉన్నాయి. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే వాటిని చూసే నన్ను లేపుతారు. జేజికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.