ఉన్మాదం, జాతి, సరిహద్దు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం – ఒక చారిత్రక పరిశీలన

ఉన్మాద వ్యాధి గతి జాతిని, దేశాన్ని బట్టి మారుతుందా? ఈ ప్రశ్నతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర తొమ్మిది కేంద్రాలలో 1,202 మంది రోగులను పరిశీలించింది. భారతదేశం నుండి ఎంపికైన కేంద్రం ఆగ్రా. లండన్, వాషింగ్టన్ రోగుల కంటే ఆగ్రా, ఇబాదాన్ రోగులు మెరుగ్గా కోలుకున్నారని తేలింది. ఉమ్మడి కుటుంబమే ఇందుకు కారణమని పలువురు ఊహించారు. 2008లో కోహెన్, విక్రమ్ పటేల్, తార, గురెజె ఈ నిర్ధారణను సందేహించారు. ఆగ్రా ఫలితాన్ని భారతీయులందరికీ ఆపాదించడం ఎంతవరకు సమంజసమో రాయలసీమలోని ఈ ప్రాంతం నుండి చూస్తే మరింత స్పష్టమవుతుంది.

1882లో బళ్ళారి జిల్లా నుండి అనంతపురం జిల్లా ఏర్పడింది. నాటి మద్రాసు రాజధానిలోని పిచ్చాసుపత్రులు మద్రాసు, వాల్తేరు, కాలికట్‌లలో, అంటే మూడూ సముద్ర తీరంలోనే ఉండేవి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురాల మీదుగా సాగే రైలుమార్గం మాత్రం బెంగళూరుకు పోతుంది. హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఆ నగరపు ఆసుపత్రి మైసూరు సంస్థానానిది. దగ్గరి వైద్యం పరాయి పాలనలో, సొంత పాలనలోని వైద్యం దూరాన ఉండేవన్నమాట. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ గీతే రాష్ట్రాల సరిహద్దు అయింది. మరుసటి ఏడాది బెంగళూరు ఆసుపత్రి అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగా, 1974లో నిమ్హాన్స్‌గా రూపొందింది.

ఒకనాటి మాతృజిల్లా బళ్ళారిలో 1985–90 మధ్య నిమ్హాన్స్ ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు శిక్షణ ఇచ్చి, ఉన్మాద రోగులకు మందులు అక్కడే అందేలా చూసింది. ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైనప్పుడు ఆంధ్రప్రదేశ్ వంతుకు వచ్చినది మెదక్ జిల్లా. పక్కనున్న అనంతపురం వేచి ఉండవలసి వచ్చింది!

ఇంగ్లండులో కరీబియన్ సంతతి రోగులను నిర్బంధంగా ఆసుపత్రిలో చేర్చడం శ్వేతజాతీయుల కంటే ఎక్కువని అక్కడి పరిశోధనలు నిరూపించాయి. అక్కడ భేదం రోగి ఆసుపత్రికి చేరే దారిలోనే మొదలవుతుంది. మన ప్రాంతంలో ఆ దారి మతాల వారీగా చీలలేదు. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు హిందూ ముస్లిం భేదం లేకుండా పెనుకొండ బాబయ్య దర్గాలో మొక్కుకుంటారు. గాలి సోకిందన్న మాట మూడు భాషల ఇళ్లకూ తెలిసినదే. అలాగని దర్గాల నీడను ఆదర్శీకరించలేము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపంలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టివేయబడిన రోగులు 28 మంది మరణించారు.

కనుక ఈ ప్రాంతంలో పరిశోధకుడు వెదకవలసిన భేదం రక్తంలో లేదు. మందు ఎంత దూరాన దొరుకుతుంది, దాని కోసం ఎవరు వెళ్తారు అన్నదానిలో ఉంది. ఉమ్మడి కుటుంబపు ఆదరణను కొనియాడే సిద్ధాంతం ఈ ఖర్చును లెక్కించదు. ధర్మవరం నేత ఇంటిలో రోగిని వెంటబెట్టుకొని బెంగళూరు రైలెక్కే మనిషి సాధారణంగా మగ్గం మీది మనిషే. ఆ రోజుకు ఆ మగ్గం ఆగిపోతుంది.