గ్రాంజరైజ్

అచ్చయిన పుస్తకాన్ని కుట్టు విప్పి, అందులో పేర్లొచ్చే మనుషుల బొమ్మలు, ఊళ్ల పటాలు, పాత ఉత్తరాలు, సంతకాలు ఎక్కడెక్కడినుంచో తెచ్చి ఆయా పుటల పక్కన చేర్చి, మళ్లీ బైండు చేయించడాన్ని ఇంగ్లీషులో ‘గ్రాంజరైజ్’ చేయడం అంటారు. ఈ మాట 1880ల ప్రాంతంలో పుట్టింది. అలవాటు మాత్రం అప్పటికే వందేళ్ల నాటిది. అంతకుముందు కూడా ఇంగ్లండులో ఇలాంటిదొకటి జరిగింది. 1630లలో లిటిల్ గిడ్డింగ్‌లోని ఫెరార్ కుటుంబం సువార్తలను ముక్కలుగా కత్తిరించి, బొమ్మలు జోడించి, ఒకే కథగా అతికించింది.

మాటకు మూలమైన జేమ్స్ గ్రాంజర్ (1723–1776) ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని షిప్‌లేక్ అనే పల్లెలో చర్చి గురువు. 1769లో ఆయన ‘బయోగ్రాఫికల్ హిస్టరీ ఆఫ్ ఇంగ్లండ్’ ప్రచురించి, రచయిత, సేకర్త హొరేస్ వాల్‌పోల్‌కు అంకితమిచ్చాడు. పేరుకు చరిత్రే గాని, నిజానికి అది అచ్చు రూపచిత్రాల జాబితా. ఒక్కో రాజు ఏలుబడిలోని మనుషులను పన్నెండు తరగతులుగా విడదీశాడు. రాజులది మొదటి తరగతి. చాలా ఎక్కువకాలం బతికినవాళ్లు, వికలాంగులు, శిక్షపడ్డ నేరస్థులు చివరి తరగతి. ఆ వరసలో ఆ కాలపు ఇంగ్లండు మనసు చక్కగా కనిపిస్తుంది.

సేకర్తలకు ఈ జాబితా చేతికందిందో లేదో, బజారు వేడెక్కింది. అంతకుముందు ఒక రూపచిత్రానికి అయిదు షిల్లింగులు ఇస్తే ఉదారంగా ఇచ్చినట్టే లెక్క. ఇప్పుడు బొమ్మలున్న పాత పుస్తకాల ధర అయిదింతలయింది. బొమ్మలు చింపని ప్రతి దొరకడం గగనమైంది. పుస్తకాలు చింపాడన్న అపకీర్తి గ్రాంజర్ నెత్తిన పడింది గాని, ఆయన పోగుచేసుకున్నవి పధ్నాలుగు వేలకు పైబడిన విడి చిత్రాలు. పుస్తకాలకు కత్తెర పట్టినవాళ్లు ఆయన పాఠకులు.

పని తేలికైనదేమీ కాదు. చిన్న బొమ్మను పెద్ద పుటకు సరిపెట్టాలంటే, పెద్ద కాగితం మధ్యలో బొమ్మకన్నా రవంత చిన్న కిటికీ కోయాలి. అంచులను పొరలా పలచగా గీకి, బొమ్మను జిగురుతో అమర్చాలి. చేయి తిరిగిన పనివాడు చేస్తే అతుకు వేలికి తగలదు.

రిచర్డ్ బుల్ అనే సేకర్త గ్రాంజర్ పుస్తకాన్నే ముప్పై అయిదు పైచిలుకు సంపుటాలుగా పెంచాడు. అలెగ్జాండర్ సదర్లాండ్ 1795లో క్లారెండన్, బర్నెట్ రాసిన ఇంగ్లండు చరిత్రలతో మొదలుపెట్టాడు. 1820లో ఆయన పోయాక భార్య షార్లెట్ ఆ పనిని ఇంకా విస్తారంగా సాగించి, 1837లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి ఇచ్చేసింది. ఇలాంటి పనికి పేరు మిగిలిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. అన్నిటికీ మించినది జేమ్స్ గిబ్స్ అనే లండన్ బైండరు చేసిన కిట్టో బైబిలు: 60 సంపుటాలు, ముప్పై వేలకు పైగా చిత్రాలు. అది కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయంలో ఉంది.

డిబ్డిన్ అనే ఇంగ్లీషు గ్రంథప్రియుడు 1809లోనే ఈ అలవాటును పుస్తక పిచ్చి లక్షణాల్లో ఒకటిగా లెక్కవేశాడు. మాట సబబే. ఒక పుస్తకం నిండాలంటే ఎన్నో పుస్తకాలు బోసిపోవాలి. అయితే విడి కాగితాలుగా ఉంటే చెదిరిపోయే బొమ్మలు చాలామటుకు ఈ సంపుటాల్లోనే బతికిపోయాయి. ఫొటోల అచ్చు చవకయ్యాక, 20వ శతాబ్దంలో ఈ మోజు సన్నగిల్లింది. నేటి కేటలాగుల్లో ఇలాంటి ప్రతులను ‘ఎక్స్‌ట్రా ఇల్లస్ట్రేటెడ్’ అని కాస్త మర్యాదగా నమోదు చేస్తారు.