రెండు వందల డాలర్ల పోరు

2007 అక్టోబరు 29న ఎన్విడియా తన ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుకు తానే ఎసరు పెట్టుకుంది. అంతకు ఏడాది ముందు 599 డాలర్లకు వచ్చిన జీఫోర్స్ 8800 జీటీఎక్స్‌లో 128 ప్రాసెసర్లుంటే, ఆ రోజు విడుదలైన 8800 జీటీలో 112 ఉన్నాయి. ధర మాత్రం 199 నుంచి 249 డాలర్లే! కిటుకంతా తయారీలో ఉంది. పాత చిప్పు 90 నానోమీటర్లది, కొత్తది 65. చిప్పు చిన్నదయ్యేకొద్దీ ఒక్కో సిలికాన్ పలక మీద ఎక్కువ చిప్పులు పడతాయి. వేగంలో అన్నకు దగ్గరగా నిలిచిన ఈ తమ్ముడి కోసం జనం ఎగబడ్డారు. సరుకు చాలక, చెప్పిన ధరకు దొరకడమే గగనమైంది. ఇళ్లలోని కార్డులన్నింటినీ ఒక్కసారిగా ముసలివాటిని చేసిన క్రైసిస్ గేము ఆ నవంబరులోనే వచ్చింది మరి.

ఎన్విడియా పోటీదారు ఏటీఐని 2006లో కొన్న ఏఎండీ అప్పటికి ఇరుకున పడి ఉంది. దాని హెచ్‌డీ 2900 ఎక్స్‌టీ ఆలస్యంగా వచ్చింది, కరెంటు బాగా తాగింది, పోటీకి నిలవలేదు. 2008 జూన్‌లో ఆట తిరగబడింది. ఎన్విడియా జీటీఎక్స్ 280ని 649 డాలర్లకు, 260ని 399కి దించింది. 140 కోట్ల ట్రాన్సిస్టర్ల మహా చిప్పు అది. ఏఎండీ 95.6 కోట్లతో, అందులో సగం వైశాల్యం కూడా లేని చిప్పు చేసి హెచ్‌డీ 4850ని 199కి, 4870ని 299కి పెట్టింది. జీడీడీఆర్5 మెమరీ వాడిన మొదటి కార్డు ఈ 4870యే. మెమరీ వేగం పెరిగింది కాబట్టి దారి ఇరుకైనా సరిపోయింది, బోర్డు ఖర్చూ తగ్గింది. 299 డాలర్ల కార్డు 399 డాలర్లదాన్ని చాలా గేముల్లో దాటేసింది. కొద్ది వారాల్లోనే ఎన్విడియా 280ని 499కి, 260ని 299కి తగ్గించక తప్పలేదు. మొదటి వారంలోనే ఆత్రపడి కొన్నవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

నా లెక్కలో గిట్టుబాటు కార్డు పుట్టేది ఇలాగే, ఇద్దరు ఒకే ధర దగ్గర కొట్టుకున్నప్పుడు. 2016లోనూ అంతే: ఆర్‌ఎక్స్ 480 జూన్‌లో 199 డాలర్ల నుంచి మొదలైతే, మూడు వారాలకే జీటీఎక్స్ 1060 249కి దిగింది. కాకపోతే పోరులో మాయలూ ఉంటాయి. తర్వాత వచ్చిన 3 జీబీ 1060లో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లూ 1280 నుంచి 1152కి తగ్గాయి. పేరు మాత్రం అదే! 2002లో జీఫోర్స్4 ఎంఎక్స్ అంతకన్నా ఘనం. పాత జీఫోర్స్2 తరం డిజైన్ మీద చేసిన చిప్పుకే కొత్త అంకె తగిలించారు.

కార్డులు క్రిప్టో తవ్వకాలకు ఎగిరిపోయిన కాలంలో ఈ బేరాలేవీ చెల్లలేదు. 2022 సెప్టెంబరులో ఇథీరియం క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకుని, దాన్ని కార్డులతో తవ్వే పని లేకుండా చేసింది.

2024 డిసెంబరులో మూడో మల్లుడు ఇంటెల్ ఆర్క్ బీ580ని గోదాలోకి దించింది. 249 డాలర్లకు 12 జీబీ. ఎన్విడియా 4060 అప్పటికి 299కి 8 జీబీయే ఇస్తోంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో బేరమాడేవాళ్లు మాత్రం ఆ డాలరు ధరలో పన్ను కలవలేదని గుర్తుంచుకోవాలి, మనకు 18 శాతం జీఎస్టీ అదనం. పైగా పాత ప్రాసెసర్ జతైతే బీ580 వేగం బాగా పడిపోతోందని నెల తిరిగేలోపే పరీక్షల్లో తేలింది. తక్కువ ధర కార్డు కొనేది ఎక్కువగా పాత కంప్యూటరున్నవాళ్లే కదా!