పెక్కు ఛాయల యేక చిత్రము

వేర్వేరు తావులలో, వేర్వేరు వేళలలో తీసిన ఛాయాచిత్రములను కంప్యూటరు తెరపై ఒక్కటిగా కూర్చి, లోకమున నెన్నడును లేని దృశ్యమును సృజించు కళాకారులను జూచి, ఇదియంతయు నీ కాలపు యంత్రము చేసిన మాయ యని పలువురు తలచుచున్నారు. ఈ భావమును నేనంగీకరింపజాలను. కూర్పుచిత్రము ఛాయాగ్రహణవిద్యకు తోబుట్టువు వంటిది; దానికి జన్మమిచ్చినది విలాసము కాదు, ఆనాటి గాజుపలక యొక్క యశక్తి.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను నాంగ్లేయుడు ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో, పలక నీలకాంతికి మిక్కిలి త్వరగా లోనగుచుండెను. నేలయో, నీరో స్ఫుటముగా పడువరకు వేచియున్నచో, ఆకాశము మేఘములతో సహా తెల్లబోయి, కాగితముపై శూన్యమై మిగులుచుండెను. ఫ్రాన్సు దేశీయుడగు గుస్తావ్ లె గ్రే కడలికొక నెగెటివు, మబ్బులకు వేరొక నెగెటివు తీసి, దిగంతరేఖ వద్ద రెంటిని కలిపి యొకే కాగితముపై ముద్రించెను. ఒకే మేఘమాలను ఒకటికి మించిన సముద్రములపై నిలిపెను.

ఆ విద్యను పరాకాష్ఠకు గొనిపోయినవాడు, స్వీడను దేశమున జన్మించి ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ పట్టణమున స్థిరపడిన ఆస్కార్ రేలాండర్. చిత్రకారుడుగా నుండి కెమెరాను చేపట్టిన యితడు 1857లో ‘జీవితపు రెండు మార్గములు’ అను మహాచిత్రమును 30కి మించిన నెగెటివుల నుండి కూర్చెను. ఒక వృద్ధుడు ఇరువురు యువకులను లోకమునకు గొనివచ్చుచుండగా, ఒకడు శ్రమకును, భక్తికిని, దయకును నెలవైన వైపునకు, మరియొకడు జూదమునకును, పానమునకును, భోగలాలసకును నెలవైన వైపునకు తిరుగుట యిందలి వృత్తాంతము. నన్ను ముగ్ధుని జేయునది దీని నీతి కాదు, నిర్మాణము. దగ్గరివారిని, దూరపువారిని ఒక్కసారిగా స్ఫుటముగా పట్టగల కటకము ఆనాడు లేకుండెను. కావున మూర్తులను ఒక్కొక్కటిగా, చిన్న చిన్న గుంపులుగా తీసి, చిత్రములో నెవరెంత దూరమున నుండవలెనో దానినిబట్టి వారి పరిమాణమును ముందే గణించుకొనవలసివచ్చెను. ముద్రించునపుడు ఒక నెగెటివును కాగితముపై నుంచి, తక్కిన భాగమును నల్లని మఖమలుతో మూసి, వెలుగునకు చూపి, ఆ మూర్తి తగినంత ఛాయ దేరిన పిదప దానిని కప్పి, వేరొకదానిని దాని సరసనే చేర్చవలెను. ఒక్క మూర్తి చోటు తప్పినను, ఒక్కటి మోతాదు మించి నల్లబడినను, అంతవరకు పడిన పాటెల్ల వ్యర్థము. రెండు కాగితముల నతికి, సుమారు ఆరు వారములు శ్రమించి, దాదాపు 31 అంగుళముల వెడల్పు గల యీ చిత్రమును ముగించెను. మాంచెస్టరులో నా యేటి కళాప్రదర్శనమున నిది నిలువగా, విక్టోరియా రాణి యొక ప్రతిని కొనెను. చిత్రములోని నగ్నమూర్తులను జూచి కొందరు, ముక్కలతికిన పటము సత్యము కాదని మరికొందరు నిందించిరి.

మరుసటి యేట హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగెటివులతో, క్షయవ్యాధితో కడతేరుచున్న యొక బాలికను, ఆమె చుట్టును కుటుంబమును చిత్రించినపుడు నింద యింకను తీవ్రమాయెను. మరణశయ్యను చిత్రకారుడు లిఖించినచో కరుణరసమని కన్నీరు నించువారే, కెమెరా దానిని కల్పించినచో క్రౌర్యమనిరి. ఇది యన్యాయమని నా దృఢవిశ్వాసము. రాబిన్సన్ ముందుగా పెన్సిలుతో కూర్పును గీచుకొని, దాని కనుగుణముగా మనుష్యులను నిలుపుకొనెడివాడు. ఊహ ముందు, పలక పిమ్మట.

మన తెలుగు పట్టణములలోని ఫోటో స్టూడియోలు సయిత మీ విద్య నెరిగినవే. వేర్వేరుగా దిగిన తల్లిదండ్రుల పటములను, వారు గతించిన పిదప ఒక్క చట్రములో జేర్చి, కుంచెతో అతుకులు కనబడకుండ టచింగు చేసియిచ్చిన పనివారి పేరులు ఏ గ్రంథమునను లేవు; వారు కూర్చిన దంపతులు నేటికిని ఎన్నియో గోడలపై నిలిచియున్నారు.

అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున బోధించిన జెర్రీ యూల్స్‌మన్ (1934–2022) రాబిన్సన్ క్రమమును తలక్రిందు చేసెను. డార్కురూములో ఎన్‌లార్జరులను వరుసగా నిలిపి, ఒక్కొక్క దానిలో నొక్కొక్క నెగెటివు నమర్చి, ఒకే కాగితమును వాని క్రింద త్రిప్పుచు, చెట్టు వేళ్లతో గాలిలో తేలుటను, గది కప్పు మేఘావృతాకాశమగుటను సాధించెను. కెమెరా ముందు నిర్ణయము ముగియదనియు, చిత్రమును డార్కురూములోనే వెదకికొనవలెననియు నాతని మతము.

1990లో, ఛాయాచిత్రములను కంప్యూటరుపై సవరించు ఫోటోషాప్ అను సాధనము వెలువడెను. నోల్ సోదరులు దాని నిర్మాతలు. కూర్పుకళకు నిజమైన మలుపు మాత్రము, 1994లో పొరలు ప్రవేశించినపుడు కలిగినది. ఒక్కొక్క అంశము తన పొరపై వేరుగా నుండుటచేత, రేలాండర్‌కు దుర్లభమైన పునరాలోచన కళాకారునికి లభించెను. యూల్స్‌మన్‌ను వివాహమాడిన మ్యాగీ టేలర్ అను కళాకారిణి, ఆయన డార్కురూమును విడువకుండగనే, తాను కంప్యూటరు వైపు మరలినది. పందొమ్మిదవ శతాబ్దపు రేకుపటములపై నున్న అజ్ఞాతుల ముఖములను, చిన్న చిన్న వస్తువులను స్కానరుపై నుంచి గ్రహించి, పదులకొలది పొరలుగా పేర్చి, వారములకొలది సవరించుట యామె పద్ధతి. ఇట్టి కూర్పులో పాతముఖమునకు ఎడమనుండి వెలుగు పడియుండి, దాని చెంత నిలుపు వస్తువునకు కుడినుండి పడియుండుట కద్దు. అపుడా నీడ నే ప్రక్కకు, ఎంత మెత్తగా వేయవలెనో యంత్రము చెప్పదు, కళాకారిణియే కూర్చుండి గీయవలెను.