ఆదిమ ఉల్కాశిలలు: వర్గాలు, వంశాలు, పుట్టుక

సౌరకుటుంబం రూపుదిద్దుకున్న తొలినాళ్ల పదార్థాన్ని నేటికీ నిలుపుకున్న శిలలే ఆదిమ ఉల్కాశిలలు. శాస్త్ర పరిభాషలో వీటిని కొండ్రైట్లు అంటారు. భూమి వంటి గ్రహాలు లోలోపల కరిగి, ఇనుము కేంద్రానికి దిగిపోవడంతో తమ ఆదిస్వరూపాన్ని కోల్పోయాయి. కొండ్రైట్లు ఆ దశకు చేరలేదు. వీటిలో చాలావాటిలో కనిపించే కొండ్రూల్స్ అనే గుండ్రని చిన్న గుళికల వల్లనే వీటికి ఆ పేరు వచ్చింది. కొన్నింటిలో ఉండే క్యాల్షియం, అల్యూమినియం ఖనిజాల తెల్లని ముద్దల వయస్సు సుమారు 456.7 కోట్ల సంవత్సరాలు. సౌరకుటుంబపు వయస్సును లెక్కించేది వీటి నుంచే.

కొండ్రైట్లలో సాధారణ, ఎన్‌స్టటైట్, కర్బన అనే మూడు ప్రధాన తరగతులు ఉన్నాయి. పడుతుండగా చూసి సేకరించిన ఉల్కాశిలల్లో సాధారణ కొండ్రైట్లే అత్యధికం. కర్బన కొండ్రైట్లు నూటికి నాలుగైదుకు మించవు. అయినా వైవిధ్యం వీటిలోనే ఎక్కువ. ప్రతినిధిగా ఎంచిన శిల దొరికిన ఊరి పేరుతో చాలా వర్గాలను గుర్తిస్తారు. 1938లో టాంజానియాలోని ఇవునాలో పడిన శిల పేరిట సి.ఐ., 1889లో ఉక్రెయిన్‌లోని మిఘెయ్ పేరిట సి.ఎం., 1910లో ఇటలీలోని విగరానో పేరిట సి.వి. వర్గాలు ఏర్పడ్డాయి. సి.ఓ., సి.ఆర్., సి.కె. వర్గాల పేర్లూ ఇలా వచ్చినవే.

వర్గంతో పాటు ప్రతి శిలకూ ఒక అంకె ఉంటుంది. 1967లో వాన్ ష్మస్, వుడ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని తరువాత కొద్దిగా సవరించారు. అంకె 3 అయితే మార్పు అతి తక్కువ. 2, 1 అంకెలు నీటి ప్రభావాన్ని, 4 నుంచి 6 వరకు అంకెలు వేడి ప్రభావాన్ని తెలుపుతాయి. 1940లో మధ్యప్రదేశ్‌లో పడిన సెమర్కోనా శిలను సాధారణ కొండ్రైట్లలో అత్యంత ఆదిమమైన వాటిలో ఒకటిగా పరిగణిస్తారు.

రసాయన కూర్పులో, ఖనిజాల్లో, ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తుల్లో దగ్గరి పోలికలున్న వర్గాలను ఒకే వంశంగా చేరుస్తారు. సి.ఎం.–సి.ఓ., సి.వి.–సి.కె., సి.ఆర్.–సి.హెచ్.–సి.బి. అటువంటివి. అయితే ఒకే వంశమన్నంత మాత్రాన ఒకే గ్రహశకలం నుంచి ఊడిపడినవని అర్థం కాదు. ఒకే ప్రాంతంలో, ఒకే రకపు ధూళి నుంచి వేర్వేరు శకలాలుగా పుట్టి ఉండవచ్చు. సి.కె. శిలలు వేడెక్కిన సి.వి. శిలలేనని కొందరు, కాదని మరికొందరు వాదిస్తున్నారు. సి.బి. శిలల్లోని గుళికలు తొలి ఘనపదార్థం ఏర్పడిన దాదాపు 50 లక్షల ఏళ్ల తరువాత, రెండు శకలాలు ఢీకొన్నప్పుడు ఎగసిన ఆవిరి నుంచి పుట్టినవని అధ్యయనాలు సూచిస్తున్నాయి.

వంశాలన్నింటికీ పైన మరో పెద్ద విభజన ఉంది. క్రోమియం, టైటానియం ఐసోటోపుల ఆధారంగా ఉల్కాశిలలన్నీ కర్బన, కర్బనేతర కుటుంబాలుగా విడిపోతాయని 2011లో పాల్ వారెన్ ఎత్తిచూపారు. త్వరగా పెరిగిన గురుగ్రహం అడ్డుగా నిలిచి, లోపలి ధూళిని వెలుపలి ధూళితో కలవనీయలేదన్నది దీనికి ప్రముఖ వివరణ. ఈ లెక్కన కర్బన కొండ్రైట్లు గురుగ్రహానికి ఆవల పుట్టి, తరువాత లోపలికి చేరినవి. భూమికి నీరు, కర్బన పదార్థం ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు ఈ వర్గీకరణ కీలకమైనది అందుకే.

1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ శిల సి.ఎం. వర్గానిదే. శ్రీలంకలో జన్మించిన సిరిల్ పొన్నంపెరుమ భాగస్వామిగా ఉన్న నాసా శాస్త్రవేత్తల బృందం అందులో అంతరిక్షంలో పుట్టిన అమైనో ఆమ్లాలను గుర్తించి 1970లో ప్రకటించింది. 2017 జూన్ 6న జైపూర్ సమీపంలోని ముకుంద్‌పురాలో పడిన శిల కూడా ఈ వర్గానికే చెందింది.

ఇటువంటి శిలలకు పెద్ద శత్రువు భూమిపై ఉన్న తేమే. జపాన్‌కు చెందిన హయబుసా-2 నౌక 2020 డిసెంబరులో ర్యుగు గ్రహశకలం నుంచి తెచ్చిన సుమారు 5 గ్రాముల మట్టి, కూర్పులో సి.ఐ. వర్గాన్ని పోలి ఉంది. కానీ 1864లో ఫ్రాన్స్‌లో పడిన ఓర్గేయ్ శిలలో నేడు కనిపించే సల్ఫేటు చారలు అందులో లేవు. అవి భూమిపైకి వచ్చాక, గాలిలోని తేమతో ఏర్పడినవేనన్న అభిప్రాయం దీనితో బలపడింది. ఆకాశం నుంచి రాయి పడితే నీటితో కడగకుండా, పొడిగా భద్రపరచి త్వరగా శాస్త్రవేత్తలకు అందజేయడం అందుకే అవసరం.