సెండై మంచు, హైదరాబాద్ గచ్చు

యుజురు హన్యు 1994లో జపాన్‌లోని సెండై నగరంలో పుట్టాడు. 2014లో సోచిలో, 2018లో ప్యోంగ్‌చాంగ్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. పురుషుల ఫిగర్ స్కేటింగ్‌లో వరసగా రెండు ఒలింపిక్స్ గెలిచినవాడు 1952లో డిక్ బటన్ తర్వాత మళ్లీ అతనే. అతని పతకాల పట్టిక అందరికీ తెలిసిందే. దాని పక్కన అతను నేర్చుకున్న రింకు కథ కూడా పెట్టి చూడాలి. సెండైలోని ఆ రింకు 2004లో నష్టాలతో మూతపడింది. పదేళ్ల పిల్లవాడికి సాధన చేసే గంటలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. అదే రింకులో ఎదిగిన షిజుకా అరకావా 2006లో ట్యూరిన్‌లో స్వర్ణం తెచ్చాకే ఆ ఊరు దాని సంగతి పట్టించుకుంది, 2007లో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు హన్యు ఆ మంచు మీదే ఉన్నాడు. కాళ్లకు స్కేట్లు ఉండగానే బయటికి పరుగెత్తాడు. రింకు దెబ్బతింటే, ఆ ఏడాది అరవై దాకా ప్రదర్శనల్లో పాల్గొని, ప్రదర్శన కోసం పరిచిన మంచు మీదే సాధన సాగించాడు. మరుసటి ఏడాది బ్రయాన్ ఓర్సర్ శిక్షణ కోసం టొరంటో చేరాడు. ఇంతటి ఆటగాడి చరిత్ర కూడా చివరికి మంచు ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటూ సాగిన చరిత్రే. స్కేటర్‌కు ముందు కాళ్ల కింద గచ్చు కావాలి, ఆ తర్వాత ఎక్కడానికి వేదిక కావాలి. ప్రతిభ లెక్కలోకి వచ్చేది ఈ రెండూ దొరికాకే. ఈ మాట జపాన్ కంటే మన తెలంగాణకు ఎక్కువగా వర్తిస్తుందని నా వాదన.

జపాన్ చలిదేశం, అక్కడ మంచుకేం కొదవ అని ఎవరైనా అనవచ్చు. ఆరంభం వరకు ఆ మాట నిజమే. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో సెండై కోట దగ్గరి గోషికినుమా చెరువు గడ్డకడితే విద్యార్థులు దాని మీదే నేర్చుకున్నారు. ఆ దేశపు ఫిగర్ స్కేటింగ్ పుట్టిల్లు అదేనని చెబుతారు. 1932లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌కు జపాన్ స్కేటర్లు వెళ్లారు. 1936లో పన్నెండేళ్ల ఎత్సుకో ఇనాడా పదో స్థానంలో నిలిచింది. కానీ ప్రపంచాన్ని గెలిచిన తరాలు ఎక్కడివో చూడండి. మిడోరి ఇటో, మావో అసాడా, షోమా ఉనో ముగ్గురిదీ నగోయా. స్కేట్ చేసేంత మందంగా చెరువులు గడ్డకట్టే ఊరు కాదది. అక్కడి మంచు యంత్రాలు చేసిన మంచు. ఆ రింకుల్లో మచికో యమాదా అనే గురువు నిలదొక్కుకుంది, ఆమె చేతిలో ఇటో, ఆ తర్వాత అసాడా తయారయ్యారు. అంటే చెరువు మీద పుట్టిన ఆట పెరిగి పెద్దదైంది కట్టడంలోనే. వాతావరణం మీద నెపం వేసి మనం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

ఇటోలాంటి ప్రతిభ ఉంటే ఏ అడ్డంకి ఆపుతుంది అనేవాళ్లకు ఆమె జీవితమే జవాబు. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో ఆమె దూకుళ్లు చూసి ప్రేక్షకులు లేచి నిలబడ్డారు, అయినా దక్కింది ఐదో స్థానమే. అప్పట్లో మార్కుల్లో కొంత భాగం మంచు మీద వృత్తాలు గీసే నిర్బంధ విభాగానికి పోయేది, అందులో ఆమె పదో స్థానంలో ఉండిపోయింది. అదే ఏడాది పోటీల్లో ట్రిపుల్ యాక్సెల్ దూకిన తొలి మహిళ అయింది, 1989లో పారిస్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది. 1990 తర్వాత ఆ నిర్బంధ విభాగాన్నే అంతర్జాతీయ పోటీల నుంచి తీసేశారు. కాళ్లలో సత్తా మారలేదు, దాన్ని తూచే తక్కెడ మారింది. వేదిక అన్నప్పుడు నా ఉద్దేశం స్టేడియం ఒక్కటే కాదు, ఏది ఆడిస్తారు, దేనికి మార్కులిస్తారు అన్నది కూడా.

హైదరాబాద్ స్కేటర్లకు దొరికింది మంచు కాదు, చక్రం. 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ నాలుగు చక్రాల స్కేటుకు ఒక మెలకువ కనిపెట్టాడు. ఒంటిని ఏ పక్కకు వంచితే చక్రాలు ఆ పక్కకు తిరుగుతాయి. మంచు మీద కత్తి అంచు చేసే పనిని గచ్చు మీద ఆ వంపు చేస్తుంది. అందుకే రోలర్ ఫిగర్ స్కేటింగ్‌లోనూ అవే యాక్సెల్, లుట్జ్, సాల్కో దూకుళ్లు, అవే గిరికీలు. ఇది అసలు ఫిగర్ స్కేటింగ్ కాదు, దానికి నకలు అనే చిన్నచూపు మనవాళ్లలో ఉంది. నేను ఒప్పుకోను. చక్రాల స్కేటు కత్తి స్కేటు కంటే బరువు. ఆ బరువుతో గాల్లోకి లేచి, తిరిగి, ఒంటికాలి మీద వాలాలి. ఇటలీ, స్పెయిన్, అర్జెంటీనాల్లో తరాలుగా గౌరవం పొందుతున్న విద్య ఇది.

ఆ విద్యలో మన ఊళ్ల నుంచి ఎదిగినవాడు హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామ. 2010లో గ్వాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల్లోకి రోలర్ క్రీడలు మొదటిసారి వచ్చాయి. పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో అనూప్ కాంస్యం గెలిచాడు, అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో మరో కాంస్యం. ఆ క్రీడల్లో భారత్‌కు స్కేటింగ్‌లో వచ్చిన పతకాలు రెండే, రెండింటిలోనూ హైదరాబాద్ స్కేటర్ ఉన్నాడు. 2015లో అర్జున పురస్కారం వచ్చింది. ఇంత చేసినా పదిమందిలో తొమ్మిదిమందికి అతని పేరు తెలియదు. కారణం అతనిలో లేదు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో రోలర్ క్రీడలే లేవు. 2018 జకార్తాలో వేగపు పందేలు, స్కేట్‌బోర్డింగ్ పెట్టారు. ఫిగర్ విభాగానికి మాత్రం అక్కడా తలుపు తెరుచుకోలేదు. పతకం గెలిచిన నాలుగేళ్లకు దాన్ని నిలబెట్టుకునే మెట్టే లేకుండా పోయింది. మంచు మీది ఫిగర్ స్కేటింగ్ అయితే 1908 లండన్‌లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది. హన్యుకు నాలుగేళ్లకోసారి తప్పకుండా వచ్చే పోటీ ఉండేది, అనూప్‌కు లేకపోయింది. ఇద్దరి మధ్య తేడాను ప్రతిభతో కొలిచేముందు దీన్ని కొలవాలి.

ఒలింపిక్స్‌లో లేని ఆటకు ప్రభుత్వం డబ్బెందుకు పెట్టాలన్నది గట్టి ప్రశ్నే. బ్యాడ్మింటన్ ఈ రాష్ట్రంలో పుల్లెల గోపీచంద్ అకాడమీతో, అంటే కోర్టులతో, పైకప్పుతో, గురువుతో నిలబడింది. 2012 లండన్‌లో సైనా, 2016 రియోలో సింధు సాధించినవాటికి ఆ ఏర్పాటు తోడుంది. ఒలింపిక్ వేదిక ముందే ఉంది కాబట్టి అది సాధ్యమైందని అనవచ్చు, అందులో నిజం ఉంది. అయితే వేదిక మన చేతిలో లేదు, గచ్చు మన చేతిలో ఉంది. మంచు సంగతే చూడండి: భారత మహిళల ఫిగర్ స్కేటింగ్ చాంపియన్‌గా నిలిచిన తారా ప్రసాద్ అమెరికాలో పుట్టి అక్కడి మంచు మీద నేర్చింది. డెహ్రాడూన్‌లో 2011లో కట్టిన పెద్ద ఐస్ రింకు 2025లో మళ్లీ తెరుచుకునేదాకా ఏళ్ల తరబడి మూతపడి ఉంది. మంచును నిలబెట్టుకోవడం ఎంత ఖర్చో ఆ తాళమే చెప్పింది. చక్రాల ఆటకు ఆ కరెంటు బిల్లు లేదు.

ఇక్కడే నల్గొండ జిల్లాలోని నార్కట్‌పల్లి లాంటి మండల కేంద్రం లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద, అద్దంకి రోడ్డు చీలే చోట ఉన్న ఊరిది. ఇక్కడి బడిపిల్లలకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వచ్చు, వాటికి మట్టి చాలు. 2022లో ఊరూరా మొదలుపెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలూ ఆ ఆటలను దృష్టిలో పెట్టుకున్నవే. మొరం మీద చక్రం తిరగదు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన జిల్లాలో, తాగునీటి కోసం దశాబ్దాలు కొట్లాడిన జిల్లాలో స్కేటింగ్ ఒక సోకు అని పెద్దవాళ్లు అంటే ఆ మాటలోని బాధను తోసిపుచ్చలేం. కానీ అడిగేది ఐస్ రింకు కాదు. ఉపాధి హామీ కింద వడ్లు ఆరబోయడానికి సిమెంటు కళ్లాలు కట్టుకున్న పల్లెలు ఇవి. చదునైన గచ్చు పోయడం మన మేస్త్రీలకు కొత్త పని కాదు, స్కేటింగ్‌కైతే ఇంకా నున్నగా, అతుకుల్లేకుండా పోయాలి, అంతే తేడా. గురువు ఎక్కడి నుంచి వస్తాడంటే, యమాదా నగోయా రింకులో తయారైనట్టే ఇక్కడా తయారవుతాడు, మొదటి గచ్చు మీద నేర్చినవాడే రెండో తరానికి నేర్పుతాడు. అంతర్జాతీయ పోటీకి కావలసిన రింకు కొలత 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. మన లెక్కలో పన్నెండున్నర గుంటలకు కాస్త తక్కువ. వానకూ మే నెల ఎండకూ పైన రేకుల కప్పు కావాలి. హైస్కూల్ మైదానంలో ఒక మూల కేటాయిస్తే సరిపోయే జాగా అది.